దొరల తోటలో దాలి

పోయిన నెల పాత పుస్తకాలు అటక మీద నుంచి దింపి, ఉంచుకునేవీ ఇచ్చేసేవీ వేరు చేస్తుంటే, ఒకప్పుడు నేను ఇంటర్ పిల్లలకు చెప్పిన ఇంగ్లీషు వ్యాసాల పుస్తకంలోంచి అరచేయంత కాగితం ముక్క జారిపడింది. మా అమ్మాయి తీసి చదివింది. "శునకానికి పూజలు" అని శీర్షిక, దాని కింద ఎనిమిది వరుసలు. నర్సీపట్నంలో పాత ఇంగ్లీషు సమాధుల మధ్య ఉన్న ఒక కుక్క సమాధిని అమ్మవారనుకుని కొందరు ఆడవాళ్ళు గంజి పోసి మొక్కుతున్నారనీ, అక్షరజ్ఞానం లేకపోతే ఇలాగే ఉంటుందనీ అందులో ఉంది. రాసినవాడి పేరు లేదు. అయినా మా అమ్మాయి నా ముఖం చూసి, "ఇది నువ్వు రాసిందా నాన్నా?" అంది. నేనే అన్నాను. "నిజమేనా?" అంది. కాదన్నాను. అక్కడ పడుకున్నది కుక్క కాదు, మనిషి. ఆ మనిషిని కుక్కను చేసింది నేను. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది కాదు. అమ్మాయి పుస్తకాల మధ్యే చతికిలబడి, మొత్తం చెప్పమంది. చెప్పాను. చెప్పినదాన్నే ఇక్కడ రాస్తున్నాను, ఆరోజు నోటితో చెప్పడానికి సిగ్గుపడి దాటేసిన ముక్కలు కూడా కలిపి.

ఆ రోజుల్లో నేను నూకాలత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మా నాన్నకు అక్క. మాది రోలుగుంట వైపు పల్లె. మా ఇళ్ళల్లో ఇంగ్లీషులో ఎం.ఎ. చేసిన మొదటివాణ్ణి నేనే కావడంతో, నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరేసరికి నేల మీద నడవడం మానేశాను. అత్తకు పిల్లలు లేరు, మావయ్య పోయి చాలా కాలమైంది, రెండు గేదెలు ఉండేవి. పెరట్లో గోడవారన దాలి ఉండేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, దాలి అంటే పిడకలు రాజుకుంటూ ఉండే గుంట. పొద్దున్న పితికిన పాలు కుండలో పోసి దాని మీద పెడితే, సాయంత్రం దాకా పొంగకుండా, మాడకుండా, మంట అన్నది లేకుండా కాగి కాగి ఇటుక రంగుకు వచ్చేవి. పైన చేత్తో పట్టి లేపితే లేచేంత మీగడ. ఆ పొగవాసన పాలకే కాదు, అత్త చీరకీ, జుట్టుకీ, ఆమె నాకు మడతపెట్టి ఇచ్చే ఇస్త్రీ చొక్కాకీ పట్టేది. క్లాసులో ముందు బెంచీ పిల్లలు ముక్కు ఎగబీల్చినప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉండేది. ఆ వాసన కోసం ఇప్పుడు వెతుక్కుంటున్నాను. గ్యాసు స్టవ్వు మీద సిమ్‌లో పెట్టి ఎంతసేపు కాచినా రాదు.

అత్త రాత్రి తోడు పెట్టిన పెరుగులో మీగడంతా చెంచాతో నా కంచం వైపుకు తోసేసి, కింద నీళ్ళపెరుగు తను వేసుకునేది. ఆమె ఇష్టమూ కోపమూ అన్నీ ఆ మీగడలోనే తెలిసేవి. మాటల్లో మాత్రం ఎప్పుడూ తిట్లే. "ఒరే సత్తిబాబూ, నువ్వు సదివిన సదువుకి కంచం ముందు కూకోడం కూడా నేర్పనేదేట్రా? మోకాలు దించు" అనేది.

ఆ ఇంటికి వారానికోసారి పోలమ్మ వచ్చేది. ఎస్. రాయవరం దాటి సముద్రం ఒడ్డున ఉన్న పల్లె ఆమెది. తొలి బస్సుకు ఎండుచేపల గంపతో దిగి, సంతలో కూర్చోబోయే ముందు అత్త అరుగు మీద గంప దించి, చల్దన్నం తిని, నెత్తళ్ళు నాలుగు దోసిళ్ళు చేటలో పోసి పోయేది. మధ్యాహ్నానికి వంకాయ, నెత్తళ్ళ కూర వాసన వీధి చివరిదాకా వచ్చేది. పోలమ్మ మాట్లాడుతుంటే నవ్వకుండా ఉండలేం. గంపను బస్సు టాపు మీద వేయమన్న కండక్టరుతో, "టిక్కెట్టు కొట్టు బాబూ, నెత్తళ్ళు కూడా కూకునే వొస్తాయి, నిలబడితే ఆటి కాళ్ళు నొప్పెడతాయి" అందట. ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడో కాన్పులో పుట్టిన ఆడపిల్ల ఏడాది తిరక్కుండా జ్వరంలో పడితే, నూకాలత్తే ఆమెను దొరల తోటకు తీసుకెళ్ళి మొక్కించింది. పిల్ల దక్కింది. పేరు దొరసాని అని పెట్టుకున్నారు.

దొరల తోట అంటే తోట కాదు. సగం కూలిన ప్రహరీ, లోపల పదీ పన్నెండు ఇంగ్లీషువాళ్ళ సమాధులు, వాటి మధ్య సీతాఫలం పొదలు. ఒకప్పుడు ఏజెన్సీ కొండలకు వెళ్ళే దొరలు ఇక్కడ మకాం ఉండేవారు. కొండ జ్వరం పట్టి తిరిగి వచ్చినవాళ్ళలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. నేను కాలేజీ అయ్యాక సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఒకటి సర్వే పని మీద వచ్చిన కుర్రవాడిది, నా వయసే. వాళ్ళమ్మ ఆ దేశం నుంచే రాయి చెక్కించి పంపిందని దాని మీదే ఉంది. అంత బరువు ఓడలో, బండిలో, ఆఖరికి మనుషుల భుజాల మీద ఇక్కడికి చేరిందంటే ఆ తల్లి ఏ రాత్రి నిద్రపోయి ఉంటుందా అనుకునేవాణ్ణి. ఇంకొకటి ఒక అధికారి భార్యది, పక్కనే పదకొండు నెలల బిడ్డ. అమ్మ పోయిన మూడో నాటికి బిడ్డ పోయింది. ఆ రాళ్ళ మీద నాచు కొబ్బరిపీచుతో తోమి, అరిగిపోయిన అక్షరాల మీద తెల్లసుద్ద రుద్ది, ఒక్క కామా కూడా పోకుండా రాసుకున్నాను. వాళ్ళెవరో నాకు ఏమీ కారు. అయినా వాళ్ళ కోసం మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చదవడం రాకపోవడం వల్ల నేను తప్పు చేయలేదు. ఎవరి కోసం మోకాలు వంచాలో ముందే తేల్చేసుకోవడం వల్ల చేశాను.

ఆ వరుసలన్నిటికీ ఎడంగా, గోడ మూలన ఒక పొట్టి రాయి ఉండేది. మోకాలెత్తు కూడా లేదు. మా వీధి ఆడవాళ్ళకు కావలసింది అదొక్కటే. పిల్లలకు జ్వరం వస్తే మొక్కుకునేవారు. జ్వరం దిగాక పిల్ల తాగే మొదటి గంజిలోంచి ఒక చిన్న గ్లాసు తెచ్చి, గోరువెచ్చగా ఉండగానే ఆ రాయి మొదట్లో పోసేవారు. పసుపూ కుంకుమా ఉండేవి కావు, కోడి ఉండేది కాదు, గంజి ఒక్కటే. ఎందుకు గంజి అని అడిగితే "ఆ యమ్మకి అదే ఇట్టం" అనేవారు. ఏటా వేసవిలో ఒకరోజు అంతా కలిసి ఎర్రమట్టీ పేడా కలిపి రాయి చుట్టూ అరుగులా అలికేవారు. ఎవరో దొరసాని అనుకునేవారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

దొరసానికి ఆరేళ్ళు వచ్చాక మళ్ళీ ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. పోలమ్మ పిల్లను చంకనేసుకుని, గంజి గ్లాసుతో వచ్చింది. అత్త బయల్దేరుతూ నన్ను కేకేసింది.

"ఒరే, రాయి మీద ఏదో రాసుందిరా. ఇన్నేళ్ళయి దండం ఎడతన్నాం, పేరు తెలీదు. నువ్వొచ్చి సదివి సెప్పు. పేరెట్టి పిలుసుకుంటాం."

"అవును బాబూ" అంది పోలమ్మ. "మా గుంటకి దొరసానని ఊరికే ఎట్టీసినాం. అసలు పేరేదో తెలిస్తే అది కూడా ఎడతాను. రెండు పేర్లుంటే రోగానికి దొరకదు."

వాళ్ళు అడిగింది అంతే, ఒక పేరు. నేను వెళ్ళాను. నిలబడే చదివాను. అలికిన మట్టికి పైన రెండే వరుసలు కనిపించేవి. మొదటి వరుసలో డి, ఎ, రెండు ఎల్‌లు, వై. రెండో వరుసలో, ఆఖరి వరకూ విశ్వాసంగా ఉన్నది అని అర్థం వచ్చే మాటలు, మొదటి మాట ఫెయిత్‌ఫుల్. నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాలుగేళ్ళుగా ఏటా అరవై మంది పిల్లలచేత "కుక్క విశ్వాసము గల జంతువు" అనే వ్యాసం ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తున్నాను. ఫెయిత్‌ఫుల్ అనే మాట కనిపిస్తే దాని వెనక తోక కూడా కనిపించేది నాకు. పైగా మా ప్రిన్సిపాల్‌గారింట్లో బొచ్చుకుక్క ఒకటి ఉండేది, దాని పేరు డాలీ.

"అత్తా, మీ అమ్మవారి పేరు డాలీ. దొరల కుక్క" అన్నాను.

అత్త రాయి కేసి చూసి ఒక అడుగు వెనక్కేసింది. పోలమ్మ మాత్రం మొహం విప్పార్చుకుని ఒక అడుగు ముందుకేసింది.

"ఏటీ, దాలా? దాలంటే మనిసి పేరే గదా బాబూ. మా అప్ప పేరు దాలి. మా అమ్మకి బిడ్డలు నిలవకపోతే, అది పుట్టగానే దాలిలో బూడిద సల్లార్చి ఒక్కసారి పడుకోబెట్టి తీసినారు. సావుకి ఎగటు పుట్టాలని. మా వైపు ఇంటికో దాలి ఉంటాది."

"దాలి కాదు పోలమ్మా, డాలీ. అది ఇంగ్లీషు."

"మెత్తగా పలికి సూడు బాబూ ఒక్కసారి."

నేను పలికి చూడలేదు. "దాలిగుంటలో పడుకునేది కూడా కుక్కేగా" అన్నాను. ఆ మాట నాకు చాలా తెలివైనదిగా తోచింది. పోలమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉంది. పిల్ల "అమ్మా, కుక్కకేటే గంజి?" అంది. పోలమ్మ గంజి అక్కడే, రాయికి కొంచెం ఇవతల, నేల మీద ఒలకబోసి వెనక్కి తిరిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారమే సంతలో, ఎండుచేపల వరస పక్కనున్న టీ బడ్డీ దగ్గర నలుగురిలో చెప్పి నవ్వించాను. జిల్లా పేపరుకు చిన్నాచితకా వార్తలు రాసేవాణ్ణి అప్పట్లో. ఎనిమిది వరుసలు రాసి పంపితే వేశారు. కత్తిరించి వ్యాసాల పుస్తకంలో దాచుకున్నాను. ఆ తర్వాత ఆడవాళ్ళు దొరల తోట వైపు వెళ్ళడం మానేశారు. వేసవి వచ్చింది, ఎవరూ అలకలేదు. పోలమ్మను ఎండుచేపల వరసలో "కుక్కకి గంజోసినావంట గదే, మొరిగినాదేటి?" అని ఆటపట్టించేవారట. అది ఆమె నవ్వుతూ పడింది. కానీ వాళ్ళ పల్లె బళ్ళో పిల్లలు దొరసానిని కుక్కపిల్ల అని పిలిచారు. పిల్ల బడికి వెళ్ళనని స్తంభం పట్టుకుని ఏడ్చిందట. పేరు మార్చి లక్ష్మి అన్నారు. పోలమ్మ మా అరుగు మీద గంప దించడం మానేసి, నేరుగా సంతకే పోయేది. అత్త సంతకెళ్ళి పిలిస్తే, "కోపం నేదమ్మా, సిగ్గుగా ఉంటాది. బాబు మొకం సూడనేను" అందట. సిగ్గు పడింది ఎవరో చూడండి.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. మోకాలు దించమని కూడా అనలేదు. పెరుగు మీద మీగడ మాత్రం నా కంచంలోకి రావడం ఆగిపోయింది. ఉన్న మీగడంతా తను కూడా తినకుండా తీసి పక్కింటి పిల్లలకు పెట్టేది. నేను అడగలేదు. అడిగితే జవాబు చెబుతుందని తెలుసు.

ఏళ్ళు గడిచాయి. నాకు గవర్నమెంటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అమ్మాయి పుట్టింది. నర్సీపట్నం వదల్లేదు, అత్తనూ వదల్లేదు, ఆమే నన్ను భరించింది అనాలి. గేదెలు పోయాయి, దాలి పూడ్చి అక్కడ బాత్‌రూం కట్టించాం. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు మలేరియా వచ్చింది. తొమ్మిది రోజులు. ఒళ్ళు ఎంతగా కాలిపోయేదంటే, ఎత్తుకుంటే నా చొక్కా గుండెల దగ్గర వేడెక్కేది. కొయ్యూరు వైపు నుంచి వచ్చిన జ్వరాలతో ఆస్పత్రి మంచాలన్నీ నిండిపోయి, వరండాలో చాప మీదే సెలైన్ పెట్టారు. పదోనాడు చెమట పట్టి, కళ్ళు తెరిచి, ఆకలి అంది. మా ఆవిడ గంజి కాచింది. అప్పటికి అత్తకు ఎనభై దాటి ఉంటాయి. మంచం మీద నుంచే చెయ్యి చాపి నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఒక్క గ్లాసు అక్కడ పోసి రా."

"అత్తా..."

"కుక్కయితే కుక్కే. ఆకలేసిన కుక్కకి గంజి పొయ్యమా ఏటి? బేగి ఎల్లు, సల్లారిపోతాది."

వెళ్ళాను. స్టీలు క్యారేజీలో గంజి, ఎవరైనా చూస్తారేమోనని సంచిలో పెట్టుకుని. పొదలు తప్పించుకుని గోడ మూలకు వెళ్ళేసరికి పొట్టి రాయి పొడుగైనట్టు కనిపించింది. మొదట అర్థం కాలేదు. ఆడవాళ్ళు అలకడం మానేసిన ఇన్నేళ్ళలో, ఏటా వానలకు ఆ మట్టి అరుగు కొంచెం కొంచెంగా కరిగిపోయింది. తరాల తరబడి వాళ్ళు ప్రేమగా అలికిన మట్టే మూరెడు మందాన పేరుకుని రాయి అడుగును కప్పేసిందన్న మాట. నా ఎనిమిది వరుసలు వాళ్ళ చేతులు ఆపేశాయి, వాన మిగతా పని చేసింది. కింద అక్షరాలు, ఎండా గాలీ తగలకుండా దాగున్నవి, నిన్న చెక్కినట్టున్నాయి.

ఈసారి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా ఇంటి ఆయా, అని మూడో వరుస. మా ముగ్గురు బిడ్డలనూ కొండ జ్వరం నుంచి బతికించింది, అని నాలుగో వరుస. తానే దానికి చిక్కింది, అని ఐదో వరుస. అన్నిటికీ అడుగున చిన్న అక్షరాలతో ఇంకొకటి. అన్నీ క్యారేజీ చుట్టిన కాగితం మీదే రాసుకున్నాను. ఆమెకు గంజి ఎందుకు ఇష్టమో అప్పుడు తెలిసింది. ముగ్గురు పిల్లలకు రాత్రీ పగలూ కాచి పోసి ఉంటుంది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోయినా, మా వీధి ఆడవాళ్ళు ఆ ఒక్క సంగతీ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి గ్లాసుతో అందించుకుంటూ వచ్చారు. పేరు పోయింది గానీ పని పోలేదు. పేరు కోసం నన్ను అడిగారు. ఆమె పేరు నాలుక మెత్తగా పెట్టి పలికితే చాలు, వచ్చేది. ఇంగ్లీషు చెవికి అది ఎలా వినిపిస్తే అలా రెండు ఎల్‌లు పెట్టి రాసుకున్నారు వాళ్ళు. వాళ్ళకైనా మా మాట రాదు. నాకు వచ్చు.

గంజి పోసి ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. "ముగ్గురినీ బతికించినాదా" అంది. తర్వాత, "పోలమ్మకి సెప్పినావేటి?" అంది.

"చెబుతాను."

చెప్పలేదు. ముందు సులువైన దారి వెతికాను. పేపరు ఆఫీసుకు వెళ్ళి, పాత వార్తకు సవరణ వేయమన్నాను, అదీ నా పేరు లేకుండా. అక్కడున్న కుర్రవాడు మర్యాదగానే విన్నాడు. "సార్, కుక్క కాదు ఆయా అని ఇప్పుడు వేస్తే చదివేవాళ్ళకు అసలు కుక్క సంగతే గుర్తుండదు కదండీ" అన్నాడు. నిజమే. గుర్తున్నది ఒక్క ఇంటికే. ఆ ఇంటికి వెళ్ళడానికే నాకు కాళ్ళు రాలేదు. పరీక్షలన్నాను, వానలన్నాను. పోలమ్మ ప్రతివారం నేను రోజూ నడిచే దారికి రెండు వందల గజాల దూరంలో కూర్చునేది. అత్త రోజూ సాయంత్రం అదే ప్రశ్న అడిగేది, రోజూ అదే జవాబు చెప్పేవాణ్ణి. ఒక సంత రోజు పొద్దున్నే లేచి చూస్తే, అత్త ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆటో పిలు" అంది. "నాను ఆటోలోనే కూకుంటాను, దిగను. నువ్వెల్లి సెప్పు. నాకు ఇనిపించాల."

మా అమ్మాయికి ఇదంతా చెబుతున్నప్పుడు ఇక్కడ ఆపి, ఇప్పుడైతే ఏం చేసేవాళ్ళో అడిగాను. ఫోన్‌లో ఫొటో తీసి పెడితే క్షణంలో ఎవరో ఒకరు సరిగ్గా చదివి చెప్పేవాళ్ళు అంది. ఉండొచ్చు. ఇప్పుడు దొరల తోటకు కొత్త ప్రహరీ వచ్చింది, కుర్రాళ్ళు వెళ్ళి ఫొటోలు దిగుతున్నారు, సర్వే కుర్రవాడి రాయి గురించి నాకన్నా ఎక్కువ చెప్పగలరు. తప్పు చదివితే దిద్దేవాళ్ళూ బోలెడుమంది. కానీ ఆ రోజున నన్ను దిద్దే మనిషి నా పక్కనే నిలబడి, ఉచితంగా దిద్దింది. ఆమె చంకలో పిల్ల ఉంది, ఒంటి మీద చేపల వాసన ఉంది, చేతిలో గంజి ఉంది, అందుకని నాకు వినబడలేదు. ఆ చెవుడుకు ఫోన్‌లో ఏమైనా మందు ఉందేమో నాకు తెలియదు.

ఎండుచేపల వరస సంతకు ఆ చివరన ఉండేది. కొండ మీద నుంచి చింతపండూ అడ్డాకులూ తెచ్చినవాళ్ళు అవి దించేసి, తిరుగుదారిలో ఇక్కడ ఉప్పుచేపలు కొనుక్కునేవారు. ఆటో వరస మొదట్లో ఆగింది. పోలమ్మ జుట్టు నెరిసిపోయింది. పక్కన పదిహేడేళ్ళ పిల్ల చేటతో ఈగలు తోలుతోంది.

"ఎవులు, మేష్టారు బాబా?" అంది పోలమ్మ కళ్ళు చికిలించి. "ఒలే లచ్చిమీ, ఆ గోనె దులిపి ఎయ్యి. కూకో బాబూ. అమ్మగోరు బాగున్నారేటి?"

గోనె మీద కూర్చున్నాను. కాగితం తీశాను. "పోలమ్మా, ఆ రాయి కింద ఉన్నది కుక్క కాదు" అన్నాను.

ఆమె చెయ్యి నెత్తళ్ళలో అలాగే ఆగింది. అటు పక్క బుట్ట దగ్గరున్న మనిషి, "కుక్క కాదా? పిల్లేటి మరి?" అంది. వరసంతా నవ్వింది. పోలమ్మ నవ్వలేదు.

"నువ్వు చెప్పిందే నిజం. ఆమె పేరు దాలి. దొరల ఇంట్లో ఆయాగా ఉంది. వాళ్ళ పిల్లలు ముగ్గురినీ కొండ జ్వరం నుంచి బతికించి, అదే జ్వరంలో పోయింది. రాయి మీదే రాసి ఉంది. సగం చదివి తప్పు చెప్పాను. నువ్వు చెబుతున్నా వినలేదు. తప్పు నాది."

"ఎవులికి సెప్తన్నావు, నాకేనా?" అంది పోలమ్మ.

"నీకే."

"నాకు తెలుసు గదా. నువ్వు సదివినప్పుడే నాకు తెలుసు." చెయ్యి ఎత్తి వరసనంతా చూపించింది. "ఆలకి సెప్పు. కుక్కని ఆల ముందు గదా అన్నావు."

లేచి నిలబడ్డాను. పదిహేనేళ్ళుగా క్లాసుల్లో పాఠం చెప్పే గొంతుతోనే, ఆ వరసలో ఆడవాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. సంచి భుజాన వేసుకుని పోతున్న కొండవాళ్ళు కూడా ఆగి విన్నారు. ముగ్గురు పిల్లల మాట దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ "మా తల్లే" అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"మరి మా యమ్మ నాకు దొరసానని ఎట్టినాది" అంది లక్ష్మి, చేట ఆపి. "ఆ యమ్మ దొరసాని కాదంటన్నారు గదా. అది కూడా తప్పేనేటి?"

పోలమ్మకు అప్పుడు నవ్వొచ్చింది, మొదటిసారి, బస్సు కండక్టరు కథ చెప్పేటప్పటి నవ్వు. "తప్పేనే. బాబు కుక్కనుకున్నాడు, నాను దొరసాననుకున్నాను. ఇద్దరం ఆ దాలమ్మని దాలమ్మనుకోనేదు." నా వైపు తిరిగింది. "అంతేనా రాసుంది? ఇంకేటైనా ఉందా?"

అడుగున చిన్న అక్షరాల వరుస మిగిలింది. చదివి తెలుగులో చెప్పాను. "ఈమె మనుషులెవరో వెతికాము, మాకు దొరకలేదు" అని.

లక్ష్మి చేట కింద పెట్టి దగ్గరకు జరిగింది.

"ఎక్కడెతికారో" అంది పోలమ్మ. "ఈ వరసలోకొచ్చి దాలెవులే అని ఒక్క కేకేస్తే దొరికీవోళ్ళం." చేతులు చీరకు తుడుచుకుని, గంప పక్కకు జరిపి, నా చేతిలో కాగితం మీద వేలు పెట్టింది. "రాసుకో బాబూ. ఇంటిపేరు నేకుండా పెద్దల్లో ఎలగ కలుపుతాం? మాది ఎట్టీ. మేరుగోరు. మేరుగు దాలమ్మ."

రాశాను, తెలుగులో.

"సదువు."

"మేరుగు దాలమ్మ" అన్నాను.

వరస మొదట్లో ఆటోలోంచి కర్రతో రేకు మీద టకటకా కొట్టిన చప్పుడు వచ్చింది, దాని వెనకే మా అత్త గొంతు.

"ఒరే సత్తిబాబూ! నాకు ఇనిపించనేదు!"

ఇంకా గట్టిగా చదివాను.